సీసా కడగొద్దమ్మా!

తెల్లవారుజాము అయిదున్నర. ఒక చిన్న పట్టణంలో వాటర్ ట్యాంకుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న చివరి వీధి. నాలుగు రోజులుగా ఆ వీధిలో వాంతులు, విరేచనాలు. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి నీళ్ల శాంపిల్ తీయడానికి వచ్చింది. ల్యాబ్ వాళ్లిచ్చిన సీసా మూత తీసి, కొళాయి కింద పెట్టి, కాసిని నీళ్లు పట్టి, గిరగిరా తిప్పి పారబోసింది. మన ఇళ్లల్లో అలవాటే కదా, ఏ గ్లాసునైనా ఒకసారి నీళ్లాడించి గానీ తాగడానికి పట్టం.

"సీసా కడగొద్దమ్మా!" అని వెనకనుంచి కేక. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ హెల్త్ సూపర్‌వైజర్ గబగబా వచ్చి ఆ సీసా తీసి పక్కన పెట్టేశాడు.

"ట్రైనింగులో కడగమన్నారు సార్" అంది ఆ అమ్మాయి, ముఖం చిన్నబుచ్చుకుని.

"అది ఫ్లోరైడు సీసాకమ్మా. ఇది క్రిముల సీసా. ఇదుగో, ఈ కొత్తదాని అడుగున చూడు, తెల్లగా ఏమన్నా కనబడుతోందా?"

అడుగున సోడియం థయోసల్ఫేట్ ఉంటుంది, చిటికెడు. నీళ్లలో క్లోరిన్ మిగిలి ఉంటే దాన్ని అక్కడికక్కడ విరిచేయడం దాని పని. అది లేకపోతే క్లోరిన్ సీసాలో కూడా తన పని తాను చేసుకుపోతుంది. కొళాయి దగ్గర బతికున్న క్రిములు ల్యాబ్‌కు చేరేసరికి చచ్చిపోతాయి. రిపోర్టు 'నీళ్లు బాగున్నాయి' అని వస్తుంది. వీధిలో మాత్రం జనం పడుతూనే ఉంటారు. అదే ఫ్లోరైడో నైట్రేటో చూడాలంటే, పట్టబోయే నీళ్లతోనే సీసాను రెండుమూడు సార్లు కడగాలి. ఆ అమ్మాయి క్లాసులో విన్నది తప్పేమీ కాదు. ఒక సీసా నియమాన్ని ఇంకో సీసాకు వాడింది, అంతే.

నేను ఆరోగ్య శాఖ మనిషిని కాను. ఇలాంటి సంగతులు రాసే పనిమీద కొన్నిసార్లు వాళ్ల వెంట తిరిగాను. ఆ రోజు తర్వాత నాకొక అనుమానం పట్టుకుంది. నీరు, గాలి, మురుగు, దోమలు, తిండి, వీటి దారిన వచ్చే జబ్బులను ఆపే పనిని మనం 'పర్యావరణ ప్రజారోగ్యం' అని పెద్ద పేరు పెట్టి పిలుస్తాం. ఆ పనిలో ఎంత భాగం పుస్తకంలో ఉంది, ఎంత భాగం ఆ చివరి వీధి కొళాయి దగ్గరే ఉంది? ఆఫీసుల్లో దీనికి రెండు రకాల జవాబులు వినబడతాయి. ఒకటి, 'ట్రైనింగ్ ఇచ్చేశాం కదా' అనేది. రెండోది, 'ఉద్యోగంలో పడితే అదే వస్తుందిలే' అనేది. నాకు రెండూ సరిగ్గా అనిపించడం లేదు. ఈ పని చేస్తేనే వస్తుంది, నిజమే. కానీ చేసినంత మాత్రాన రాదు. చేస్తున్నప్పుడు చెయ్యి పట్టుకుని ఆపే మనిషి పక్కనుంటే వస్తుంది.

ఆ వీధిలో ఇంకో సంగతి జరిగింది. క్రిముల శాంపిల్ తీసేటప్పుడు కొళాయి మూతిని స్పిరిట్ దూదితో కాల్చి, రెండుమూడు నిమిషాలు నీళ్లు వదిలేసి, అప్పుడు పట్టాలని పుస్తకాలు చెబుతాయి. కొళాయికి అంటుకున్న మురికి కాకుండా పైపులో వచ్చే అసలు నీళ్లు దొరకాలని ఆ నియమం. సూపర్‌వైజర్ ఆ పద్ధతిలో ఒక సీసా పట్టించాడు. కానీ అంతకుముందే, నీళ్లు వదిలిన మొదటి క్షణంలో వచ్చిన నీటిని ఇంకో సీసాలోకి పట్టించి, దానిమీద 'మొదటి నీళ్లు, 5.40' అని రాయించాడు. ఎందుకని అడిగితే, "ఈ వీధివాళ్లు రెండు నిమిషాలు ఎవరు వదిలేస్తారు సార్? వచ్చేదే అరగంట. మొదటి చుక్కనుంచీ బిందె కిందే ఉంటుంది" అన్నాడు.

అసలు కిటుకంతా అందులోనే ఉంది. 24 గంటలూ నీళ్లొచ్చే ఊళ్లో పైపు ఎప్పుడూ నిండుగా, లోపలి ఒత్తిడితో ఉంటుంది. ఎక్కడన్నా చిల్లు ఉన్నా నీళ్లు బయటికి కారతాయి గానీ మురుగు లోపలికి రాదు. మన ఊళ్లలో రోజుకు గంటో, రెండ్రోజులకోసారో వదులుతారు. వాల్వు కట్టేయగానే పైపు ఖాళీ అవుతుంది, ఒత్తిడి పడిపోతుంది. పక్కనే మురుగు కాలువ ఉంటే, జాయింటులో చిల్లు ఉంటే, అక్కడి నీటిని పైపు లోపలికి పీల్చేసుకుంటుంది. దానికి తోడు లైనుకే మోటారు బిగించి లాగేవాళ్లు. ఇంకా ఘోరం కొళాయి గుంటలు. చివరి వీధుల్లో నీళ్లు ఎక్కవు కాబట్టి నేలను రెండడుగులు తవ్వి, కొళాయిని గుంటలో కిందికి దించుకుంటారు. బిందెలు కడిగిన నీళ్లు, పిల్లల కాళ్లు కడిగిన నీళ్లు ఆ గుంటలోనే నిలుస్తాయి. సరఫరా ఆగగానే ఆ నీళ్లే వెనక్కి పైపులోకి పోతాయి. మర్నాడు పొద్దున అందరికన్నా ముందు అవే వస్తాయి.

ట్యాంకు దగ్గర క్లోరిన్ చూస్తే అంతా బ్రహ్మాండంగా ఉంటుంది. వాడకందారు కొళాయి దగ్గర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది భారత ప్రమాణం, ఐఎస్ 10500. ఆ అంకె ఏ పరీక్షలో అడిగినా ఆ అమ్మాయి చెప్పేస్తుంది. కానీ ఆ 0.2ని ఏ వీధిలో, ఏ గుంటలో, ఎన్నింటికి కొలవాలి? దానికి జవాబు వాల్వు తిప్పే మనిషి దగ్గరుంది. ఏ వాల్వు సగమే తిరుగుతుందో, ఏ మలుపులో పాత పైపుకు కొత్త పైపు అతికించారో, ఏ కాలువ కింద నుంచి లైను పోతుందో ఆయనకు తెలుసు. సూపర్‌వైజర్ శాంపిళ్లు తీయించే ముందు చేసిన మొదటి పని ఆయనకు టీ ఇప్పించి పక్కన కూచోబెట్టుకోవడం. అది ఏ సిలబస్‌లోనూ లేదు.

జబ్బుకు మందిచ్చే డాక్టరు ముందు రోగి శరీరం ఉంటుంది. శరీరాలన్నీ దాదాపు ఒకే రకంగా పనిచేస్తాయి. గుంటూరు గుండె ఒకలా, గోరఖ్‌పూర్ గుండె ఇంకోలా కొట్టుకోవు. కాబట్టి వైద్యంలో పుస్తకానికి బలం ఎక్కువ. అయినా హౌస్ సర్జన్సీ చేయకుండా డాక్టరును ఎవరూ బయటికి వదలరు. పర్యావరణ ఆరోగ్యంలో రోగి స్థానంలో ఒక ఊరు ఉంటుంది. ఏ రెండు ఊళ్లూ ఒక్కలా పనిచేయవు. అలాంటి పనికి మనం మూడు రోజుల హాలు క్లాసు పెట్టి, టీ బిస్కెట్టు ఇచ్చి, హాజరు పట్టీలో సంతకం తీసుకుని పంపేస్తున్నాం.

ఈ శాస్త్రం పుట్టుకే వీధిలో జరిగింది. 1854 ఆగస్టు చివర్లో లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా విరుచుకుపడింది. పది రోజుల్లో 500 మంది దాకా పోయారు. బ్రాడ్ స్ట్రీట్‌లోని చేతి పంపు నీళ్లే కారణమని డాక్టర్ జాన్ స్నో తేల్చాడు, సెప్టెంబరు 8న పంపు పిడి తీయించారు. ఆయన గీసిన చావుల మ్యాపును అందరూ చూపిస్తారు. నిజానికి ఆ మ్యాపు తర్వాత వచ్చింది. ముందు జరిగింది తిరగడం, అడగడం. పంపుకు దగ్గర్లోనే ఉన్న బీరు ఫ్యాక్టరీ కూలీలకు ఎందుకు రాలేదు? వాళ్లకు బీరు ఇచ్చేవాళ్లు, సొంత బావి ఉంది. ఎక్కడో దూరాన హాంప్‌స్టెడ్‌లో ఉన్న ముసలావిడకు ఎందుకు వచ్చింది? ఆ పంపు నీళ్ల రుచి ఇష్టమని బండిమీద తెప్పించుకునేది. ఇంకా నాకు ఇష్టమైన మనిషి హెన్రీ వైట్‌హెడ్, ఆ పేటలోని చర్చి ఫాదర్. స్నో మాట తప్పని నిరూపిద్దామని బయల్దేరాడు. ఇల్లిల్లూ తెలిసినవాడు కాబట్టి జనం ఆయనకు అన్నీ చెప్పారు. చివరికి 40వ నంబరు ఇంట్లో జబ్బుపడిన పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు, పంపు బావి పక్కనే ఉన్న మలగుంటలో పోసేవారని బయటపెట్టింది ఆయనే. స్నో చెప్పింది నిజమని ఒప్పుకున్నాడు. శాస్త్రం తెలిసినవాడు ఒకడు, వీధి తెలిసినవాడు ఒకడు. ఇద్దరూ కలిస్తే గానీ కథ పూర్తి కాలేదు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ సికింద్రాబాద్‌లో ఉంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ బేగంపేటలో ఒక దోమ పొట్ట కోసి మలేరియా పరాన్నజీవిని చూశాడు. అంతకుముందు రెండేళ్లపాటు వేరే రకం దోమలను కోసి కోసి విసిగిపోయాడు. దోమల శాస్త్రం ఆయనకు రాదు. బూడిద రంగువి, చారలవి, మచ్చల రెక్కలవి అని సొంత పేర్లు పెట్టుకున్నాడు. ఆయనకు తోడు లండన్ నుంచి ప్యాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టరు ఉత్తరాల్లో దారి చెబుతూ వచ్చాడు. ఎక్కడ చూడు, ఏం వెతుకు, ఆపకు అని. ఓడలో వచ్చే ఉత్తరమైనా సరే, పనిని గమనించి మాట చెప్పే మనిషి ఒకరున్నారు. దోమలు కోయడం రాస్ చేతికి పనిలోనే అబ్బింది, కానీ ఆయన ఒంటరిగా నేర్చుకోలేదు.

ఈ పద్ధతికి 1951లో అమెరికాలో ఒక చట్రం బిగించారు. అలెగ్జాండర్ లాంగ్‌మ్యూర్ అనే ఆయన అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీలో ఎపిడమిక్ ఇంటెలిజెన్స్ సర్వీస్ మొదలుపెట్టాడు. కొరియా యుద్ధ కాలం, శత్రువు క్రిములు వదులుతాడేమోనన్న భయంతో నిధులొచ్చాయి. యువ డాక్టర్లను రెండేళ్లపాటు ఉద్యోగంలో పెట్టుకుని, ఎక్కడ జబ్బు రేగితే అక్కడికి పంపడం, వెనక ఒక అనుభవజ్ఞుడిని కాపలా పెట్టడం. ఆ సర్వీసు గుర్తు చిల్లుపడిన బూటు అడుగు. ఎంత తిరిగావన్నదే నీ చదువు అని చెప్పడం. అదే నమూనా మీద తర్వాత చాలా దేశాలు క్షేత్ర శిక్షణ మొదలుపెట్టాయి. వీటిలో సాధారణంగా నాలుగో వంతు కాలం క్లాసులో, మూడు వంతులు ఫీల్డులో గడుస్తుంది. మన దేశంలో చెన్నైలోని జాతీయ ఎపిడమియాలజీ సంస్థ 2001లోను, ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం 2012లోను ఇలాంటి రెండేళ్ల శిక్షణలు ప్రారంభించాయి.

ఇలా పనిలో నేర్చుకుంటున్నవాళ్లు ఏం సాధించగలరో చూపే కథ బీహార్‌లోని ముజఫర్‌పూర్‌ది. 1995 నుంచీ అక్కడ ఏటా ఎండాకాలంలో పిల్లలు తెల్లవారుజామున ఉన్నట్టుండి ఫిట్స్‌తో పడిపోయేవాళ్లు. చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే పోయేవాళ్లు. మెదడువాపు అన్నారు, వైరస్ అన్నారు, వడదెబ్బ అన్నారు, తోటల్లో కొట్టే పురుగుమందు అన్నారు. 2013, 2014లలో ఢిల్లీ కేంద్రం శిక్షణలోని అధికారులు, వారి పెద్దలు, అమెరికా సీడీసీ నిపుణులు కలిసి అక్కడ మకాం వేశారు. 2014 మే 26 నుంచి జులై 17 వరకు రెండు పెద్దాసుపత్రుల్లో 390 మంది పిల్లలు చేరారు, 122 మంది చనిపోయారు. పరీక్షించిన 327 మందిలో 204 మందికి రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములు గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంది, అంటే ఉండాల్సినదానికన్నా తక్కువ. ఎక్కువమందికి చేరేటప్పటికి జ్వరమే లేదు. ఇన్ఫెక్షన్ అయితే లెక్క కుదరదు.

ఇక్కడ ల్యాబ్ ఒంటరిగా ఏమీ చేయలేకపోయేది. ఏం వెతకాలో దానికి ఊళ్లు తిరిగినవాళ్లు చెప్పాలి. తల్లులతో కూర్చుని ముందురోజు మొత్తాన్ని అడిగారు. పొద్దున ఏం తిన్నాడు, మధ్యాహ్నం ఎక్కడున్నాడు, రాత్రి ఏం పెట్టావు? పిల్లలు పగలంతా లిచీ తోటల్లో తిరిగి, రాలిన పళ్లు తిని, ఇంటికొచ్చి అన్నం వద్దంటున్నారని బయటికొచ్చింది. ప్రశ్నాపత్రంలో 'నిన్న రాత్రి భోజనం చేశాడా' అన్న ఒక్క వరుస ఉండటం వల్ల అసలు సంగతి పట్టుబడింది. జబ్బుపడిన 104 మందిని, అదే వయసున్న ఇంకో 104 మంది పిల్లలతో పోల్చారు. లిచీ తిన్నవాళ్లకు ముప్పు బాగా ఎక్కువ. లిచీ తిని రాత్రి అన్నం మానేసినవాళ్లకు అంతకన్నా ఎక్కువ. లిచీలో హైపోగ్లైసిన్-ఎ, ఎంసీపీజీ అనే పదార్థాలున్నాయి. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు శరీరం కొవ్వు కరిగించి శక్తి తెచ్చుకునే, చక్కెర తయారుచేసుకునే దారులకు అవి అడ్డం పడతాయి. బక్కచిక్కిన పిల్లాడికి ఒంట్లో నిల్వ ఉండేదే తక్కువ, అది అర్ధరాత్రికే అయిపోతుంది. తెల్లవారేసరికి మెదడుకు చక్కెర అందదు. ఈ పరిశోధన 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. సలహా చాలా చిన్నది: పిల్లలకు లిచీ తగ్గించండి, రాత్రి అన్నం పెట్టకుండా పడుకోబెట్టకండి, ఆసుపత్రికి రాగానే చక్కెర చూసి వెంటనే గ్లూకోజ్ ఎక్కించండి.

కథ అక్కడితో సుఖాంతం అయిపోలేదు. 2019లో బీహార్‌లో మళ్లీ వందమందికి పైగా పిల్లలు పోయారు. ఎండ, పోషణలేమి ఎంత, లిచీ ఎంత అన్న వాదన నడుస్తూనే ఉంది. కారణం కనిపెట్టడం ఒకటి, దాన్ని ప్రతి ఇంటి పొయ్యి దాకా, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా తీసుకుపోవడం ఇంకొకటి. ఆ రెండో పని చేసేవాళ్లకు రెండేళ్ల శిక్షణ కాదు కదా, రెండు రోజులది కూడా గట్టిగా ఉండదు.

మన ఏలూరు చూడండి. 2020 డిసెంబరు 5 సాయంత్రం వన్ టౌన్ ప్రాంతంలో మనుషులు నడుస్తూ నడుస్తూ మూర్ఛపోవడం మొదలైంది. కొద్దిరోజుల్లో 600 మంది దాటారు. చాలామంది కొన్ని గంటల్లోనే తేరుకున్నారు, ఒకరు చనిపోయారు. రాష్ట్రమంతా టెన్షన్. ఎయిమ్స్ రక్తనమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయన్నారు. చివరికి పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని నిపుణుల నివేదికల ఆధారంగా ప్రభుత్వం ప్రకటించింది. అవి ఒంట్లోకి ఏ దారిన వెళ్లాయన్నది మాత్రం జనం మనసులో ఇప్పటికీ సగం ప్రశ్నగానే మిగిలింది. ఇలాంటి ఘటనలో మొదటి రాత్రి చాలా విలువైంది. ఆ పూట వండిన కూర తెల్లారేసరికి ఉండదు, పాల ప్యాకెట్ చెత్తకుండీలోకి పోతుంది, ట్యాంకు కడిగేస్తారు. ఢిల్లీ నుంచి, హైదరాబాద్ నుంచి నిపుణులు వచ్చేసరికి ఊరు తనను తాను శుభ్రం చేసుకుని కూర్చుంటుంది. ఆ మొదటి రాత్రి వీధిలో ఉండేది ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, వార్డు శానిటేషన్ సెక్రటరీ. ఫ్రిజ్‌లో మిగిలిన కూర ఒక డబ్బాలో పెట్టి, మీద ఇంటి పేరు, టైము రాసి ఐసులో దాచాలని వాళ్లకు చేతి అలవాటుగా ఉండాలి. అలాంటి అలవాటు ఒకసారి చేయించి చూస్తే వస్తుంది. సర్క్యులర్ చదివితే రాదు.

దోమల పని ఇంకా తమాషాగా ఉంటుంది. డెంగీ దోమ మంచినీళ్లలో గుడ్లు పెడుతుందని ఇప్పుడు బడి పిల్లలకు కూడా తెలుసు. వానాకాలంలో ఇంటింటికీ తిరిగి లార్వా చూసే కుర్రాడు గుమ్మంలో నిలబడి "మీ ఇంట్లో నీళ్లు నిల్వ ఉన్నాయా అమ్మా?" అని అడుగుతాడు. "లేవు నాయనా" అంటారు. రాసుకుని వెళ్లిపోతాడు. సీనియర్ అయితే ఆ ప్రశ్నే వేయడు. "ఫ్రిజ్ ఒకసారి జరపనా అత్తా?" అంటాడు. వెనక ట్రే లాగుతాడు. అందులో నీళ్లు, నీళ్లలో టార్చి వెలుగుకు బెదిరి కిందికి మునిగే లార్వాలు. ఆవిడ బుగ్గన చెయ్యి వేసుకుంటుంది. ఆ ట్రే ఒకటి ఉంటుందనే చాలా ఇళ్లల్లో తెలియదు. తర్వాత కూలర్ అడుగు, మేడమీద పగిలిన కొబ్బరి చిప్ప, వాడని మరుగుదొడ్డి బకెట్టు, షెడ్డులో టైరు. లార్వా నీటిమట్టానికి సమాంతరంగా పడుకుంటే మలేరియా జాతి, తలకిందులుగా వేలాడితే వేరే జాతి. బొమ్మలో చూసినదానికీ, కదులుతున్న నీళ్లలో చూసినదానికీ చాలా తేడా ఉంటుంది.

ఇంకో సంగతి కూడా అక్కడే తెలుస్తుంది. శుక్రవారం డ్రై డే అని తొట్టి నీళ్లు పారబోసి, మళ్లీ నింపుకుంటారు. సరిపోదు. డెంగీ దోమ గుడ్లు తొట్టి గోడకు, నీటి అంచు పైన అంటుకుని ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, నీళ్లు తగలగానే పొదుగుతాయి. గోడ పీచుతో గట్టిగా రుద్దాలి. ఈ మాట చెప్పడం వేరు, వాళ్ల పీచు తీసుకుని తొట్టి గోడ ఒక జానెడు రుద్ది చూపించడం వేరు. రెండోది చేసిన ఇల్లు మరిచిపోదు.

ఇంతవరకు చదివితే, 'అయితే అందరినీ నేరుగా ఫీల్డులోకి పంపేస్తే సరి' అనిపించవచ్చు. నేను భయపడేది సరిగ్గా అక్కడే. పనిలో మంచి అలవాట్లు అంటుకున్నంత తేలిగ్గా చెడ్డవీ అంటుకుంటాయి. ఎక్కడన్నది చెప్పను గానీ, ఒక చోట క్లోరిన్ పరీక్ష చూశాను. ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. పనికొచ్చే క్లోరిన్ ఎంతుందో తెలియాలంటే పది సెకన్లలోపే రంగు చూసేయాలి. ఆలస్యం చేస్తే, నీళ్లలోని ఇతర పదార్థాలతో కలిసిపోయి సగం బలం చచ్చిన క్లోరిన్ కూడా రంగు ఇస్తుంది, లెక్క పెరిగిపోతుంది. ఆ పెద్దమనిషి చుక్కలు వేసి, గొట్టం కిటికీలో పెట్టి, నాతో కబుర్లు చెప్పి, పావుగంట తర్వాత చూసి, "చూశారా, భేషుగ్గా ఉంది" అన్నాడు. పద్దెనిమిదేళ్లుగా అలాగే చేస్తున్నాడట. పక్కన ముగ్గురు కొత్తవాళ్లు శ్రద్ధగా చూసి నేర్చుకుంటున్నారు. ఇప్పుడు చాలాచోట్ల ఆ ద్రావణం మానేసి, అదే పరీక్షకు డీపీడీ అనే బిళ్లలు వాడుతున్నారు. కానీ అలవాటు సీసాతోపాటు మారదు కదా.

బ్లీచింగ్ పౌడరు సంగతీ అంతే. తాజాగా ఉన్నప్పుడు అందులో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది. సంచి విప్పి, తేమ తగిలే గదిలో నెలలపాటు ఉంచితే అది ఎగిరిపోతుంది, సున్నం మిగులుతుంది. లెక్క ప్రకారమే కలుపుతారు, రిజిస్టరులో గ్రాములు సరిపోతాయి, నీళ్లలో మాత్రం ఏమీ ఉండదు. ముందు తరంవాళ్లు సంచి వాసన చూసి ఘాటు తగ్గిందని పట్టేవాళ్లు. ఆ ముక్కు ఎవరికీ అప్పజెప్పలేదు. (వాసన చూడమని సలహా ఇవ్వడం లేదు, ఊపిరితిత్తులకు మంచిది కాదు. మిగిలిన క్లోరిన్ కొలవండి, అదే చెబుతుంది.)

తేడా ఎక్కడుంది? నేర్పేవాడి పనిని కూడా ఎవరో ఒకరు చూస్తున్నారా లేదా అన్నదగ్గరే. లార్వా సర్వే చేసిన ఇళ్లలో కొన్నింటిని మర్నాడు సూపర్‌వైజర్ మళ్లీ చూడటం ఒక పద్ధతి. తప్పు పట్టడానికి కాదు, ఏం కనబడలేదో చూపించడానికి. ఒకే కొళాయి నీళ్లను ఇద్దరు వేరువేరుగా పరీక్షించి అంకెలు పోల్చుకోవడం ఇంకో పద్ధతి. అవి కలవనప్పుడు జరిగే అయిదు నిమిషాల గొడవలో నేర్చుకున్నంత, సెమినార్లో నేర్చుకోరు. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్లు వాడటం నేర్పాలని పెట్టారు. ఆలోచన చాలా మంచిది. ఆ అయిదుగురిలో ఒకామె అంకె మీద అనుమానం వస్తే ఫోన్ చేసి అడగడానికి ఒక మనిషి ఉంటే అది పని, లేకపోతే ఆ కిట్టు పంచాయతీ బీరువాలో గడువు తీరిపోతుంది.

దీనికి ఖర్చుంది, ఒప్పుకోవాలి. పక్కన కొత్తమనిషిని పెట్టుకుంటే సీనియర్ రోజుకు ఇరవై ఇళ్లు చూసేచోట పన్నెండే చూస్తాడు. ఆ మిగతా ఎనిమిదికి మెమో వస్తుంది. నేర్పిన గంటలను లెక్కేసే గడి ఏ రిజిస్టరులోనూ లేదు. పైగా సీనియర్ పోస్టులు ఖాళీగా ఉన్నచోట కొత్తవాళ్లను కొత్తవాళ్లకే జత చేస్తున్నారు. దాన్నీ 'ఆన్ ది జాబ్ ట్రైనింగ్' అనే రాసుకుంటున్నారు.

కొన్నిచోట్ల పని నేర్పేది జవాబు కాదు, తొందరపడకపోవడం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస వైపు, దశాబ్దాలుగా కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. అక్కడ సర్వేకు వెళ్లే కుర్రవాడు మొదటిరోజే బోరు నీళ్లు పట్టి ల్యాబ్‌కు పంపాలనుకుంటాడు. కానీ ఈ రోజు పాడైన కిడ్నీ ఎప్పుడో తాగిన నీళ్లనో, ఎండలో చేసిన పనినో, మింగిన నొప్పి బిళ్లలనో చెబుతుండవచ్చు. ఇప్పటి బోరు అప్పటికి తవ్వే ఉండదు. 'ఏ నీళ్లు తాగుతున్నారు' అనే ప్రశ్నను 'పెళ్లయి వచ్చినప్పుడు ఏ బావి నీళ్లు తోడేవారమ్మా' అని మార్చి అడగడం వాళ్లు అక్కడ నేర్చుకోవాల్సిన చదువు. కారణం తేలేదాకా ఆగకుండా 2023 డిసెంబరులో హిరమండలం రిజర్వాయరు నుంచి పైపులైన్లో వంశధార నీళ్లు అందించే పథకాన్ని, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రిని ప్రారంభించారు. అది సరైన పనే. ఆ నీళ్లు తాగినవాళ్ల కిడ్నీలు ఎలా ఉన్నాయో మాత్రం ఏళ్లపాటు ఎవరో ఒకరు ఇల్లిల్లూ తిరిగి, ఒకే పద్ధతిలో రాస్తూ పోవాలి.

మొదట చెప్పిన చివరి వీధి సంగతి. రెండు సీసాలూ ల్యాబ్‌కు వెళ్లాయి. రెండు నిమిషాలు వదిలి పట్టింది శుభ్రంగా వచ్చింది, 'మొదటి నీళ్లు' చెడ్డగా వచ్చాయి. వాల్వు తిప్పే ఆయన చూపించిన మలుపులో తవ్వితే, కాలువ కింద జాయింటు ఊడి కనిపించింది. ఆయన కాంట్రాక్టు మనిషి. కొన్నాళ్లకు నేను మళ్లీ ఆ ఊరు వెళ్లినప్పుడు పని మానేశాడని చెప్పారు. వాల్వు తాళాలు కొత్తగా వచ్చిన కుర్రాడికి ఇచ్చారట. "లైన్ల మ్యాపు ఏమన్నా ఇచ్చారా?" అని అడిగాను. లేదన్నాడు. ఆ అమ్మాయి మాత్రం ఒక నోటుపుస్తకం తెచ్చి చూపించింది. ఆయన మానేసే ముందు రెండు ఆదివారాలు వెంట తిరిగి, వీధివీధీ పెన్సిలుతో గీసుకుందట. కొన్ని గీతల పక్కన ప్రశ్నార్థకాలు ఉన్నాయి.